ఉతకని చున్నీ

బాలింతల వార్డులో ఆ నర్సమ్మ మాటకు తిరుగులేదు. కొత్త తల్లులకు ఆవిడ చెప్పే మొదటి పాఠం ఒకటే. నువ్వు వాడి విడిచిన గుడ్డ బిడ్డ పక్కన పెట్టు, నీ వాసనకు నిద్రపోతుంది. అమ్మమ్మది వద్దు, నాదైతే అసలే వద్దు.

అంత తెలిసిన మనిషి తన చున్నీని పరాయి దేశానికి పంపిందంటే ఏమనాలి? అక్కడ ఈమధ్యే పాప పుట్టిన ఓ జంటకు, బిడ్డను చూసుకుంటూ తమకు పని నేర్పే నర్సు కావాలట. ఫోన్లో ముఖాలు చూసుకుని మాట్లాడుకున్నారు. "అక్కా, మీరొచ్చేలోపు పాపకు అలవాటవుతుంది, మీ చున్నీ ఒకటి పంపరూ? ఉతక్కండి" అందా పిల్లతల్లి. వస్తానని నర్సమ్మ ఇంకా అననే లేదు. అయినా మొహమాటానికి పోయి పంపేసింది. ఈ మొహమాటం ఎన్ని కొంపలు ముంచిందో!

"వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకుంటావా?" అన్నాడు భర్త. "పిల్లను నేను చూసుకోనూ? వెళ్లిరా" అంది అత్తగారు. చున్నీ అందిందని కబురొచ్చిన రోజు, ఆరేళ్ల కూతురు ఎప్పటిలాగే తల్లి మెడలో ముక్కు పెట్టి, చటుక్కున వెనక్కి జరిగింది.

"నీ దగ్గర ఎవరిదో పాప వాసనొస్తోందమ్మా."

"వార్డు వాసనే, బంగారం."

"అది నాకు తెలుసుగా. ఇది వేరే."

నిజానికి నర్సమ్మకు ఆరోజు సెలవు. తలారా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. పిల్ల మళ్లీ వాసన చూసి, నాయనమ్మ పక్కలోకి పోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత దగ్గరికి రావడమే మానేసింది. నర్సమ్మకు ఏడుపొచ్చింది. పైగా ఈ పిల్ల పాలు మానేసి ఏళ్లయిందా, ఇప్పుడు వేళకాని వేళ రొమ్ములు చేపుకొచ్చి పాలు కారేవి.

జవాబు చెప్పాల్సిన రోజు ఫోన్ మోగింది.

"మీ చున్నీ ఉంటే చాలక్కా, ఏడుపే లేదు! నేనెత్తుకుంటేనే గుక్కపడుతుంది" అని ఆ తల్లి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఫోన్ తెరమీద, ఉయ్యాల్లో పాప చున్నీ కొస గుప్పిట పట్టుకుని ఇటే చూస్తోంది. ఆ వయసు బిడ్డకు అంత దూరం చూపు ఆనదు. ఆ సంగతి నర్సమ్మకు తెలియనిదా? అయినా చూస్తోంది, ఆమెనే. నర్సమ్మ రవిక తడిసిపోయింది.

"నేను రావడం లేదమ్మా."

"అదేంటక్కా! పాప మీకోసమే చూస్తోంది."

"అందుకే రాను. నా చున్నీ తీసి పారెయ్. నువ్వు విడిచిన గుడ్డ పెట్టు. ఏడుస్తుంది, ఏడవనీ, ఎత్తుకుని దించకు. దానికి అమ్మవి నువ్వు."

తల్లి లాగింది. గుప్పిట వదల్లేదు. తండ్రి వచ్చి ఒక్కో వేలే విప్పాడు. పాప కెవ్వుమంది. 'ఊరుకో తల్లీ' అన్న మాట నర్సమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చేత్తో నోరు మూసుకుని, ఉంటానని కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది. గొంతు వింటే ఆ తల మళ్లీ ఇటే తిరుగుతుందని ఆమెకు భయం.

కూతుర్ని పిలిచింది. అది అనుమానంగా వచ్చి, మెడలో ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసింది.

"ఇంకా కొంచెం ఉందమ్మా" అంది. కానీ ఈసారి నాయనమ్మ దగ్గరికి పోలేదు.