ఈదయ్యకు తెలిసిన పల్లేరు

అశోక్‌నగర్‌లో ఏ సందులోకి పోయినా ఏదో ఒక ఇంటి మీద ఇంకో అంతస్తు లేస్తూనే ఉంటుంది. సర్కారు నౌకరీల పరీక్షలకు చదువుకునే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి పడుతూనే ఉంటారు, వాళ్లకు గదులు కావాలి. ఆ గదులకు ఇసుక, ఇటుక, సిమెంటు నెత్తిన పెట్టుకొని మెట్లెక్కేవాళ్లు ఎక్కువగా పాలమూరు వాళ్లే. అందులో ఒకడు ఈదయ్య. యాభై దాటిన మనిషి, నల్లగా, పొడుగ్గా, పనిలో దిగితే మాట్లాడే రకం కాదు.

పొద్దున్నే చిక్కడపల్లి అడ్డా మీద కూలీలు చేరతారు. ఛాయ్ తాగి, సద్ది గిన్నె పక్కన పెట్టి నిలబడతారు. మేస్త్రీ పోచయ్య బండి మీద వచ్చి, బండి దిగకుండానే చూస్తాడు. పేరు అడగడు, ఊరు అడగడు. కాళ్లు చూస్తాడు, నిలబడిన తీరు చూస్తాడు. అడ్డా మీద కూర్చున్నవాణ్ని ఎవరూ పనికి పిలవరు. కూర్చున్నాడంటే వాడిలో సత్తువ లేదని లెక్క. అందుకని ఈదయ్య పిక్కలు తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టున్నా సరే, గోడకు కూడా ఆనుకోకుండా నిలబడేవాడు. తలకు రంగు వేసుకునేది కూడా అందుకే. భార్య మాసమ్మ ఎకసెక్కం ఆడేది.

"ఏందయ్యా, నాకు తెల్వకుండ ఇంకో పిల్లను చూసుకున్నవా ఏంది? గీ వయసుల గింత సోకు!"

"పోచయ్యను చేసుకుంటనే. గాయనకే నచ్చాలె నేను."

నవ్వే మాటే గానీ లోపల భయం ఉంది. పోయిన చలికాలం ఈదయ్యకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానలో గుండెకు రక్తం సరిగా అందడం లేదన్నారు. రోజూ వేసుకునే గోలీలతో పాటు, నొప్పి లేస్తే నాలుక కింద పెట్టుకొమ్మని ఒక చిన్న గోలీ ఇచ్చారు. బరువులు మోయొద్దన్నారు. ఆ మాట అడ్డా దాకా పోతే ఇక పోచయ్య మొహం కూడా చూడడు. అందుకే ఇంట్లో అందరి నోళ్లూ మూయించాడు. కొడుకు కళ్యాణ్ ఆటో నడిపి తెచ్చేది ఇంటి కిరాయికీ, వాడి చంటిదాని ఖర్చుకూ చాలడం లేదు. తన రెక్క ఆగితే ఇల్లు ఆగినట్టే.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తా పక్కన ఒకడు చిన్న బల్ల వేసుకొని డబ్బాలు అమ్ముతున్నాడు. కాళ్ల తిమ్మిరి, నీరసం, మగతనం, అన్నిటికీ ఒకటే గోలీ అని అరుస్తున్నాడు. ఈదయ్య చుట్టుపక్కల తెలిసినవాళ్లు ఎవరూ లేరని చూసుకొని దగ్గరకు పోయాడు. చదువు రాదు గానీ, కడుపులోకి పోయేది ఏందో అడగకుండా మింగే మనిషి కాదు.

"ఏం కలిపిండ్రు దీంట్ల?"

"అశ్వగంధ. అంటే పెన్నేరుగడ్డ."

"గది నాకెర్కే. ఇంకా?"

"పల్లేరుకాయ."

ఈదయ్య మొహం విచ్చుకుంది. "మా చెల్కల కాళ్లకు గుచ్చుకునే పల్లేరా? మూత్రం మంట అంటే మా అవ్వ కషాయం కాసి పోసేది."

"గదే కాకా! ఇగ శిలాజిత్ అంటే కొండ బండల నుంచి కారే జిగురు. బీట్‌రూట్ పొడి. ఆర్జినిన్."

"ఆ చివరిది ఏంది?"

"నరాలు తెరుచుకోనీకి. రక్తం కాలి బొటనవేలి దాక ఉరుకుతది."

"ఏది ఎంత కలిపిండ్రో రాసిండ్రా?"

"గట్ల రాయరు కాకా. రాస్తే అందరు ఇండ్లల్లనే చేసుకోరా?"

ఆ జవాబు ఈదయ్యకు సబబుగానే తోచింది. వంటలు చేసేవాడు మసాలా కొలత చెప్తాడా? పైగా పల్లేరు తనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన చెట్టు. తెలిసిన చెట్టు మోసం చేస్తుందా? డబ్బా మీద ముందుకాళ్లు ఎత్తిన గుర్రం బొమ్మ ఉంది. దాన్ని ఇంటికి తీసుకుపోతే కోడలు ముందర తలెత్తుకోలేడు. డబ్బా కొన్నాడు గానీ, గోలీలు బీడీకట్ట కాగితంలో పొట్లం కట్టుకొని, ఖాళీ డబ్బా నాలాలో పడేశాడు.

గోలీ పనిచేసింది, అబద్ధమెందుకు. మింగిన కాసేపటికి చెవులు వేడెక్కేవి, మొహం కమిలినట్టు ఎర్రబడేది, తల దిమ్మెక్కేది. కానీ తిమ్మిరి తగ్గినట్టుండేది, ఇసుక తట్టతో మెట్లు ఎక్కగలిగేవాడు. పోచయ్య కూడా "ఏం సంగతి ఈదన్నా, పోరని లెక్క ఉరుకుతున్నవ్!" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఈదయ్య రోజంతా పొంగిపోయాడు.

గుండె డాక్టరు దగ్గరికి మళ్లీ పోవలసిన రోజు వచ్చింది. కళ్యాణ్‌కు దూరం కిరాయి దొరికింది. మాసమ్మ ఇండ్లల్లో పనికి పోవాలి. చదువు వచ్చిన కోడలు శ్రీలక్ష్మి ఫైలు పట్టుకొని మామ వెంట పోయింది. డాక్టరమ్మ చిన్న వయసుది, నిదానంగా అడిగింది.

"పెద్దాయనా, మేం ఇచ్చినవి కాక ఇంకేమన్నా వాడుతున్నరా? ఆయుర్వేదం, బలం గోలీలు, మగవాళ్లవి, ఏవైనా సరే."

ఈదయ్యకు మాట నోటి దాకా వచ్చింది. పక్కన శ్రీలక్ష్మి. కొంగు తల మీదికి లాక్కొని, మామ మొహంలోకి సూటిగా చూడని పిల్ల. ఆ పిల్ల ముందర, ఇంకో ఆడమనిషికి, గుర్రం బొమ్మ గోలీలు మింగుతున్నానని ఎట్లా చెప్తాడు? కాళ్ల కోసమని ఎవరు నమ్ముతారు?

"ఏం లేవమ్మా," అన్నాడు.

"సరిగ్గా చెప్పండి. నాలుక కింద గోలీకి అట్లాంటివి తోడైతే బీపీ ఒక్కసారే పడిపోతది. ప్రాణం మీదికి వస్తది."

"మా మామ అసుంటివి ముట్టడు మేడం," అంది శ్రీలక్ష్మి, కొంచెం గర్వంగానే.

ఇక ఆ మాట దాటి ఈదయ్య ఏం చెప్తాడు? బయటికి వచ్చాక తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. ఆమె చెప్పింది ఇంగ్లీషు మందుల సంగతి. నాది పల్లేరు.

తర్వాత కొద్ది రోజులకే, అశోక్‌నగర్‌లో హాస్టల్ పని. పొద్దున గోలీ మింగాడు. సిమెంటు బస్తా భుజాన వేసుకొని పైకి పోతుంటే ఛాతీ పట్టేసింది. బస్తా దించకుండానే గోడకు ఆనుకొని, జేబులో చిన్న గోలీ వెతికి నాలుక కింద పెట్టుకున్నాడు. నొప్పి తగ్గినట్టు అనిపించి ఇంకో అడుగు వేశాడు. కళ్ల ముందర తెల్లగా అయింది. కాళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. బస్తాతో సహా మెట్ల మీద పడ్డాడు.

తెలివి వచ్చేసరికి దవాఖాన. తుంటి ఎముక విరిగింది, గుండె ఇంకా దెబ్బతింది. మాసమ్మ చేతిలో బీడీకట్ట పొట్లం.

"ఇవేంది? డాక్టరమ్మ అడుగుతున్నది. చెప్పయ్యా, నీ కాళ్లు మొక్కుత."

అప్పుడు చెప్పాడు. కోడలూ ఉంది, కొడుకూ ఉన్నాడు. డాక్టరమ్మ ఒక గోలీ విరిచి పొడి చూసింది.

"పల్లేరు ఉండొచ్చు, అశ్వగంధ ఉండొచ్చు. ఆర్జినిన్ ఉంటే అది కూడా బీపీ దించేదే. కానీ ఇట్లాంటివాటిలో పైన రాయని ఇంగ్లీషు మందు కలిపి అమ్ముతారు. మీ మొహం ఎర్రబడడం, తల దిమ్మెక్కడం దాని పనే అనుకుంటున్న. డబ్బా మీది పేర్లు చదివినంత మాత్రాన తెలిసేది కాదు. ఆ రోజు మీరు ఒక్క మాట చెప్పి ఉంటే..."

శ్రీలక్ష్మి ఏడుస్తూ అంది, "నేను బయట కూసునేదాన్ని కద మామా. ఒక్క సైగ చేస్తే లేచి పోయేదాన్ని."

ఈదయ్య గోడ వైపు తిరుగుదామనుకున్నాడు. తుంటి తిరగనివ్వలేదు.

వానలు పడే వేళకు కర్ర పట్టుకొని నడవగలిగాడు. ఇండ్లల్లో పని చాలక ఒకరోజు మాసమ్మ కూలికి బయలుదేరితే, వద్దంటున్నా ఆమెతో పాటు అడ్డాకు పోయాడు. కనీసం తోటివాళ్లకు చెప్దామని. కోడలు ముందర చెప్పలేని మాట నడిబజారులో చెప్పాడు. గుర్రం బొమ్మ, పల్లేరు, నాలుక కింద గోలీ, అన్నీ.

"ముసలోనికి మోజు తీరలే!" అని ఒకడు నవ్వాడు. అందరూ నవ్వారు. "మాకేమన్న గుండె రోగముందా కాకా?" అన్నాడు ఇంకొకడు.

"నాకున్నదని నేను మీకు చెప్పిన్నా? మీల ఎవరికున్నదో ఎవరు చెప్తరు?" అన్నాడు ఈదయ్య.

గుంపు చెదిరాక తలకు రంగేసుకున్న ఒకాయన పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "తిమ్మిరైతే తగ్గింది కద అన్నా? నారాయణగూడల ఏ దిక్కు కూసుంటడు వాడు?"

ఈదయ్య అతని చేయి పట్టుకోబోయాడు. అతను అప్పటికే వెనక్కి జరిగాడు. పోచయ్య బండి వచ్చి ఆగింది. ఈదయ్యను చూసి పోచయ్య చూపు తిప్పుకున్నాడు. తర్వాత మాసమ్మ వైపు చూశాడు, ఆమె కాళ్ల వైపు చూశాడు.

"వదినా, ఇసుక మోస్తవా?"

"మోస్త," అంది మాసమ్మ. కొంగు బొడ్లో దోపుకొని, తలకు పెట్టుకునే చుట్టకుదురు కోసం ఈదయ్య భుజం మీది తువ్వాలు తీసుకుంది. పోచయ్య ఏరుకున్న కూలీలంతా ఆటో ఎక్కి పోయారు.

నిలబడి నిలబడి కాలు వణుకుతుంటే ఈదయ్య అడ్డా మీద కూర్చున్నాడు.