పెళ్లికారు స్పీకర్లు

2006 మాఘమాసంలో ఒక సాయంత్రం, రావులపాలెం సెంటరు వెనకున్న తన రేడియో కొట్టులో యెహెజ్కేలు ఎవరిదో ట్రాన్సిస్టర్ మూత బిగించి, చేతులు తుడుచుకుని, షట్టరు దించాడు. "మీ హారన్ సంగతి రేపు చూద్దామండి" అని అద్దెకారు నడిపే జానకిరామ్‌తో చెప్పి సైకిలెక్కాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

వాళ్లిద్దరికీ పరిచయం ఏడేళ్ల క్రితం, జానకిరామ్ పరువు పోయిన రోజుల్లో. పెళ్లివాళ్లకి పాటలు గట్టిగా వినబడాలని అతను తన అంబాసిడర్‌లో పెద్ద స్పీకర్లు, సీటు కింద సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయరు పెట్టించాడు. తణుకులో ఒక పెళ్లికి ఇంజను ఆపేసి మూడు గంటలు మోత మోగించాడు. అప్పగింతలయ్యాయి, కొత్త దంపతులు ఎక్కారు, తాళం తిప్పితే బండి కిమ్మనలేదు. పెళ్లికూతురి మేనమామలు పంచెలు ఎగగట్టి తోశారు. అపశకునం అన్నారు. ఆ మాట గోదావరి దాటి అతని కంటే ముందే రావులపాలెం చేరింది. ఆ తర్వాత ఒక్క పెళ్లివారూ పిలవలేదు.

చివరికి ఈతకోట భీమరాజు గారు కూతురి పెళ్లికి పిలిచారు. "పాటలుండాలి, కారు కదలాలి. ఏది తప్పినా మళ్లీ నా గుమ్మం తొక్కకు" అన్నారు.

జానకిరామ్ యెహెజ్కేలు కొట్టుకి పరిగెత్తాడు.

"మూడొందల వాట్ల స్పీకర్లండి."

"ఎవరన్నారండి?"

"డబ్బా మీదే ఉందండి."

"అది ఎంత ఓర్చుకుంటుందో రాస్తారు గానీ, ఎంత పాడుతుందో కాదండి. మీ టేపు ఇచ్చేది పట్టుమని పదిహేను వాట్లు. ఈ బద్ధకపుదాన్ని లేపడానికి ఆంప్లిఫయరు కావాలి. ఆంప్లిఫయరేమో బ్యాటరీ మొత్తం తాగేస్తుంది. పెరట్లో ఏనుగుని కట్టుకున్నారు మీరు."

యెహెజ్కేలు ఒకే టేపుకి, సౌండు పెంచకుండా, ముందు జానకిరామ్ తెచ్చిన స్పీకరు తగిలించాడు; పాట కొట్టు గుమ్మం దాటలేదు. తర్వాత పల్చటి కాగితం కోను ఉన్న చవక స్పీకరు తగిలించాడు. ఈసారి పాట ఎదురుగా టీకొట్టు దాకా వెళ్లింది.

"ఏంటండీ ఇది! ఇంత బక్కదానికి ఇంత గొంతా?"

"మా ఆవిడ సంపూర్ణమ్మని చూళ్లేదు మీరు" అన్నాడు యెహెజ్కేలు.

పాత సామాను అమ్మేయించి, వచ్చిన డబ్బుతోనే ఆ రకం స్పీకర్లు రెండు కొనిపించాడు. తలుపు రేకు దడదడలాడకుండా లోపల రబ్బరు ముక్కలు అంటించాడు. టేపు సొంత బలంతోనే పాడుతుంది గనక బ్యాటరీ నిలుస్తుందన్నాడు.

ఈతకోటలో పగటి ముహూర్తం. మళ్లీ మూడు గంటల పాటలు. పిల్లలు కారు చుట్టూ గంతులేశారు. అప్పగింతల్లో అందరి కళ్లూ పెళ్లికూతురి మీద ఉంటే, భీమరాజు గారి కళ్లు మాత్రం జానకిరామ్ చేతి మీదే ఉన్నాయి. తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయింది. జానకిరామ్ కళ్లు చెమర్చాయి.

"ఏంటయ్యా, ఏడవాల్సింది పెళ్లికూతురు కదా!" అన్నారు భీమరాజు గారు.

ఆ వైశాఖంలో అతనికి ఖాళీ రోజు దొరకలేదు. ఆ తర్వాత బండిలో ఏ చిన్న చప్పుడొచ్చినా ఆ కొట్టుకే వెళ్లేవాడు.

యెహెజ్కేలు పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన ముగిశాక, సంపూర్ణమ్మ జానకిరామ్‌కి టీ అందిస్తూ అంది: "ఈతకోట పెళ్లికి ఆయనా వచ్చారండి, బాబూ."

"భోజనాల్లో కనబడలేదేంటమ్మా?"

"భోజనానికి కాదండి. నిండా ఛార్జింగ్ చేసిన బ్యాటరీ సైకిల్ వెనక కట్టుకుని, మీ కారు కదిలేదాకా పందిరి వెనక సందులో నిలబడ్డారు."