తెప్పకు పాళ్లుండవు

నా చిన్నప్పుడు మా ఊరి దారి నీళ్ల మీదుగానే ఉండేది. అటు సముద్రం, ఇటు ఉప్పుకాలువ, నడుమ ఇసుకదిబ్బ మీద మా ఇళ్లు. నెల్లూరు బస్సు ఎక్కాలంటే ముందు కాలువ దాటాలి. దాటించేది మా తాతయ్య. సముద్రం మీదికి పోయే ఓపిక అయిపోయాక ఆయన కాలువలో తెప్ప నడిపేవాడు. తెప్ప అంటే పడవ కాదు. పొడుగాటి దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టింది. పని అయ్యాక కట్లు విప్పి దుంగలను గట్టు మీద ఎండబెట్టాలి, లేదంటే నీళ్లు తాగి బరువెక్కుతాయి. పొద్దున్నే మళ్లీ కట్టుకోవాలి. ఆ కట్టడం చూస్తూ నేను పెరిగాను. బడి మాత్రం రెండో తరగతితో సరి. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

మా పక్కింటి అక్క అట్లా కాదు, చదివింది. మా దిబ్బ మీద నుంచి డిగ్రీ కాలేజీకి పోయిన మొదటి మనిషి ఆమే, మగవాళ్లలోనైనా ఆడవాళ్లలోనైనా. సైన్సు చదివేది. సెలవులకు వచ్చినప్పుడు ఉప్పునీళ్లలో సబ్బుకు ఎందుకు నురగ రాదో, ఉప్పేసిన చేప ఎందుకు కుళ్లదో చెబితే మేం పిల్లలం నోరు తెరుచుకుని వినేవాళ్లం. కాలువ అవతలి హైస్కూల్లో టీచరు కావాలని ఆమె కోరిక. దానికి డిగ్రీ ఉండాలి, ఆ పైన ఇంకో చదువూ చదవాలి. ఆమె తండ్రిని మేం మామ అని పిలిచేవాళ్లం. వలలో చేప పడ్డా పడకపోయినా, కూతురు టీచరు అవుతుందన్న మాట మాత్రం ఆయన రేవులో అందరికీ పంచేవాడు.

ఆఖరి ఏడు ఫలితాలు వచ్చాయి. అక్క సైన్సు పేపర్లన్నీ మంచి మార్కులతో గట్టెక్కింది. ఇంగ్లీషు కూడా గట్టెక్కింది. తెలుగులో తప్పింది.

సైన్సు వాళ్లయినా సరే తెలుగూ ఇంగ్లీషూ చదవాలట. అవి కూడా పాసైతేనే పట్టా. ఆ సంగతి అక్కకు మొదటి నుంచీ తెలుసు. కానీ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషకు మళ్లీ చదివేదేముందని ఆమె ఆ పుస్తకం తెరవలేదు. పరీక్షలో పాత పద్యాలిచ్చి అర్థం రాయమంటే కలం కదల్లేదు.

రేవులో ఆడవాళ్లకు ఇంకేం కావాలి. చేపలు ఏరుకుంటూ ఒకామె అంది, "తెలుగులో తప్పిందంట గదా. మరి ఇన్నాళ్లూ మనతో మాట్లాడింది ఏ భాషంట?"

"అరవమేమో, అడిగి చూడండి" అని ఇంకొకామె అందుకుంది. అందరూ నవ్వారు. అక్క ఆ తర్వాత చాన్నాళ్లు ఇంట్లోంచి బయటికి రాలేదు.

సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చని కాలేజీ వాళ్లు చెప్పారట. అక్క రాయనంది. రేపు తాను పిల్లలకు చెప్పేది సైన్సు, పద్యాలతో తనకేం పని అని ఆమె పట్టు. మామది ఇంకో రకం పట్టు. మా వాళ్లకు దేన్నైనా పాళ్లు వేసి చూడడం అలవాటు. వల లాగి చేపలు ఒడ్డున పోశాక వల గలవాడికో పాలు, లాగిన ప్రతి మనిషికో పాలు. సగంలో వదిలేసి పోయినవాడికి సగం పాలు. ఎవరి కష్టం ఎంతో వాళ్లకు అంత. అదే మా న్యాయం. ఆ న్యాయంతోనే మామ తీర్పు చెప్పాడు. కూతురు అన్నీ చదివింది, ఒక్కటి చదవలేదు. ఆ ఒక్కదాని పాలు కోసుకుని మిగతా ముప్పావు పట్టా ఇవ్వాలి కదా. తానే పోయి ప్రిన్సిపాలు గారిని అడుగుతానన్నాడు. విన్నవాళ్లందరికీ అది సబబుగానే తోచింది. అడిగితే తప్పేముందని మా అమ్మ కూడా అంది. తాతయ్య మాత్రం, ఎప్పుడు పోతున్నావని అడిగి ఊరుకున్నాడు.

పోయే రోజు పొద్దున తాతయ్య నన్ను వెంట పెట్టుకుని కాలువ గట్టుకు పోయాడు. దుంగలు నీళ్లలోకి దించి కట్లు వేశాడు. ఒక్క దుంగ గట్టు మీదే ఉండిపోయింది. నన్ను దాని మీద కూర్చోబెట్టి, ఎవరు ఏమన్నా తాను చెప్పేదాకా లేవొద్దన్నాడు. ఎందుకు తాతా అంటే, కూర్చోవడానికి ఎందుకేంది అన్నాడు.

మామ తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. ఆయన వెనకే అక్క, తల వంచుకుని. బస్సుకు పోయేవాళ్లు ఇంకొందరు అప్పటికే అక్కడున్నారు. మామ తెప్పను చూసి ఆగిపోయాడు. నట్టనడుమ కాలు దిగబడేంత సందు. అందులోంచి నీళ్లు కనబడుతున్నాయి.

"నడిమి దుంగ యాడ పెదనాయనా?"

"అదొక్కటే లేదులే అబ్బయ్యా. మిగతావన్నీ ఉండాయి గదా, ఎక్కు."

"అది లేకుండా కట్టు ఎట్టా నిలబడతాది?"

"ముప్పావు తెప్ప ఉండాది. ముప్పావు కాలువ దాటిస్తా. ఆ మిగతాది నువ్వు చూసుకో."

బస్సుకు వచ్చినవాళ్లు నవ్వారు. మామకు కోపం వచ్చింది.

"నాతో ఎగతాళా? చేపలకు పాళ్లుంటాయి గానీ తెప్పకు పాళ్లుంటాయా?"

అని, ఆగిపోయాడు. ఎవరో వెనక నుంచి పిలిచినట్టు నిలబడిపోయాడు. తన మాట తనకే మళ్లీ వినబడిందేమో. తాతయ్య గెలిచినట్టు చూడలేదు. గడ పక్కన పెట్టి, నీళ్ల వైపు తిరిగి చుట్ట వెలిగించుకున్నాడు. నవ్వినవాళ్లు కూడా నవ్వడం మానేశారు.

అప్పుడు కదిలింది అక్క. తండ్రి దగ్గరికి పోలేదు, తాతయ్య దగ్గరికీ పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"లేమ్మే" అంది.

నేను తాతయ్య వైపు చూశాను. ఆయన మా వైపు తిరక్కుండానే తల ఊపాడు. లేచాను. అక్క పైట నడుముకు బిగించి, దుంగ ఒక కొస ఎత్తింది. రెండో కొస నేను పట్టుకున్నాను గానీ నా వల్ల ఏమవుతుంది. మామ వచ్చి నా చేతుల్లోంచి అందుకున్నాడు. తెల్లపంచె బురదయింది. తండ్రీ కూతురూ దాన్ని మోసుకుపోయి నీళ్లలోకి దించారు. తాతయ్య కట్లు సడలించి, దుంగను దాని చోట్లోకి తోసి, మళ్లీ బిగించాడు. అందరం ఎక్కాం. తాతయ్య గడ వేసి కాలువ దాటించాడు.

మామ ఆ రోజు కాలేజీకి పోయాడు, కానీ ముప్పావు పట్టా అడగలేదు. సెప్టెంబరు పరీక్షకు అక్క పేరు రాయించి వచ్చాడు.

ఆ తర్వాత అక్క పద్యాల పుస్తకం తీసుకుని రేవులోకే వచ్చేది. తనను చూసి నవ్విన ఆడవాళ్ల మధ్యనే కూర్చుని గట్టిగా చదివేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఎవరో రాజు పెళ్లాన్ని అడవిలో వదిలేసి పోయిన పద్యం వచ్చింది. అక్క అర్థం విడదీసి చెబుతుంటే చేపలు ఏరే చేతులు ఆగిపోయాయి. అరవమని ఎగతాళి చేసినామె అడ్డం వచ్చి, "అంత అర్థం ఎందుకుమే, వాడు ఎదవ అని రాసిరా" అంది. ఫలితాలు వచ్చాక అక్క నవ్వడం అదే మొదలు. ఆ రోజు నుంచి తర్వాతి పద్యం ఏందని వాళ్లే అడిగేవాళ్లు. నేను పక్కనే కూర్చుని వినీ వినీ కొన్ని నేర్చేసుకున్నాను. అక్షరం రాకపోయినా అవి ఇప్పటికీ నోటికి వస్తాయి.

అక్క పాసయింది. పట్టా వచ్చింది. ఆ పై చదువూ చదివి కాలువ అవతలి బడిలోనే టీచరయింది. మా తమ్ముడు ఆమె దగ్గరే చదివాడు. సైన్సు పాఠం ఆమె చెబితే కథ విన్నట్టుండేదని, ఏ మాట ఎక్కడ వేస్తే మాకు ఎక్కుతుందో ఆమెకు తెలుసని వాడు అనేవాడు. ఆ మాటలు ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు.

నా పెనిమిటి పోయినప్పుడు నాకు చేపలు అమ్మడం ఒక్కటే వచ్చు. బ్యాంకు, కరెంటాఫీసు, వల బాగుచేయించడం అన్నీ ఆయనే చూసేవాడు. అవన్నీ మరిదికి అప్పజెప్పి నువ్వు గంప పట్టుకో, చాలు అన్నారు నా వాళ్లు. నేను గంపా పట్టుకున్నాను, బ్యాంకుకూ పోయాను. సంతకం నేర్చింది అప్పుడే. పిల్లలను నిలబెట్టాను.

ఇప్పుడు కాలువ మీద వంతెన ఉంది. మా మనవరాలు నెల్లూరులో కంప్యూటరు డిగ్రీ చదువుతోంది. కంప్యూటరుతో పాటు తెలుగు, పర్యావరణం ఇంకా ఏవేవో ఉన్నాయట. ఊళ్లో తిరిగి జనంతో మాట్లాడి రాసేది కూడా ఒకటి ఉందట. "ఇయన్నీ నాకెందుకవ్వా, నేను చేసేది కంప్యూటరు ఉద్యోగం గదా" అంది మొన్న. ముందు నాతో మాట్లాడి రాయమ్మే అన్నాను. అట్లా మొదలైంది ఇది.

నాకు పట్టా లేదు. ఆ పొద్దున గట్టు మీద నుంచి నాతో వచ్చింది ఒక్కటే. ఏ పనైనా ఎదురైనప్పుడు ఇది నాది కాదులే, ఇది లేకపోయినా గడుస్తుందిలే అనిపించిందంటే, నేనింకా ఆ దుంగ మీదే కూర్చుని ఉన్నానని తెలిసిపోతుంది. లేమ్మే అని అక్క గొంతు వినబడుతుంది. లేచి, ఒక కొస పట్టుకుంటాను.