ఇంటర్వ్యూకి రాణీ రంగు గోళ్లు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన ఆ రోజుల్లో భిలాయిలో ఎవరిని చూసినా ఏదో ఒకటి మొదలుపెట్టేయాలన్న ఊపులో ఉండేవారు. నాకు మాత్రం ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ తలకింద పెట్టుకుని పడుకోవాలన్న ఊపు ఉండేది. మా అక్క అలా కాదు. సెక్టర్ 4లో మా క్వార్టర్ ముందుగదిలోనే బ్యూటీ పార్లర్ తెరిచి, రాయ్‌పూర్ నుంచి జెల్ నెయిల్ పాలిష్ కిట్టు తెచ్చింది. గోటికి పూసి వేళ్లు ఒక చిన్న లైటు పెట్టెలో పెడితే చాలు, ఆ నీలం వెలుగుకి రంగు గట్టిపడిపోతుంది. ఆరేదాకా చేతులు ఊపుకుంటూ కూర్చోనక్కర్లేదు. అంతా బాగానే ఉంది గానీ, నేర్చుకోవడానికి చెయ్యెవరిస్తారు? అమ్మ పిండి కలుపుతోందట. (ఆ రోజంతా కలుపుతూనే ఉంది.)

"ఒరే, నీ ఎడం చెయ్యి ఇటియ్యి. కుడి సేత్తో టీవీ మార్చుకో," అంది అక్క. క్రికెట్ ధ్యాసలో ఇచ్చేశాను. మ్యాచ్ అయ్యాక చూసుకుంటే అయిదు గోళ్లూ ముదురు గులాబీ రాణీ రంగులో ధగధగలాడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే జాముల్‌లో ఒక ఫ్యాక్టరీలో నాకు ఇంటర్వ్యూ. నాన్న ఎవరెవరినో బతిమాలి ఇప్పించింది. అదీ పోతే ఇంట్లో నా మొహం చూడరు.

అక్క మామూలు రిమూవర్‌తో తుడిచింది. గోళ్లు ఇంకా మెరిశాయి.

"ఇది నానితే గానీ ఊడదురా. ఎసిటోన్‌లో దూది ముంచి గోటిమీదెట్టి, రొట్టెలు చుట్టే రేకు చుట్టి పావుగంట ఉంచాలి."

"అయితే ఉంచు."

"ఎసిటోన్ తేలేదురా. ఈ రాత్రేళ కొట్లు కూడా మూసేసుంటారు."

నాన్న చాకు తెచ్చారు. "గీకితే గోరు పొర లేచిపోద్ది నాన్నా," అని అక్క అడ్డం పడింది. ఆఖరికి అమ్మ పిండి చేతులు కడుక్కుని వచ్చి, నా వేళ్లన్నిటికీ కలిపి కట్టు కట్టేసింది. "దెబ్బ తగిలిందని సెప్పు. ఎవులడుగుతారు?"

అడిగారు. ఇంటర్వ్యూ బాగానే జరిగింది గానీ, తరవాత మెషీన్ మీద పని చేసి చూపించాలి. దెబ్బ తగిలిన చేత్తో మెషీన్ దగ్గరికి రానివ్వరట. "పట్టీ ఖోలో," అన్నాడు సేఫ్టీ చూసే పెద్దాయన. విప్పకపోతే ఉద్యోగం పోతుంది, విప్పితే పరువు పోతుంది. పరువుకి జీతం రాదు కదా అని విప్పేశాను.

ఆయన నా వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "యే క్యా హై?" అన్నాడు. లైటు పెట్టె దగ్గర్నుంచి రేకు దాకా అంతా చెప్పాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "దీనివల్ల లాభం?" అని అడిగాడు.

"రెండు వారాలు ఊడదు సార్."

"నష్టం?"

"రెండు వారాలు ఊడదు సార్."

ఆయన నవ్వు వరండా దాకా వినిపించిందట. ఆ గోళ్లతోనే పని చేసి చూపించాను, ఉద్యోగం వచ్చింది. సాయంత్రం అక్క దుర్గ్ నుంచి ఎసిటోన్ తెచ్చి, నానబెట్టి, మెల్లగా ఊడదీసింది. గోళ్లు కొన్నాళ్లు పొడిబారి తెల్లగా ఉండి, తరవాత బాగుపడ్డాయి. ఫ్యాక్టరీలో పడ్డ 'రాణీ భయ్యా' అన్న పేరు మాత్రం ఏ ఎసిటోన్‌కీ లొంగలేదు. ఎందుకొచ్చిందో తెలియని కొత్త కుర్రాళ్లు కూడా నన్ను ఎంతో గౌరవంగా అలాగే పిలుస్తారు.

కొత్త రంగు వస్తే అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా వెళ్లి, బుద్ధిగా ఎడం చెయ్యే ఇస్తాను. కాకపోతే కూర్చునే ముందు ఎసిటోన్ సీసా ఒకసారి ఊపి చూసుకుంటాను.