ప్యూపిల్ అంటే

మెదక్‌ల ఒక చిన్న ప్రైవేటు బడిలో పద్దెనిమిదేండ్ల నుంచి ఇంగ్లీషు చెప్తున్న. ఎన్ని మాటలకు అర్థాలు రాసిచ్చిన్నో నాకే తెల్వదు. ఒక్క మాట బోర్డు మీద రాయాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ చాక్‌పీసు పట్టిన చెయ్యి ఆగుతది. ప్యూపిల్.

పన్నెండేండ్ల కిందటి సంగతి. ఎనిమిదో తరగతిల ఒక పిల్ల ఉండె. వాళ్ళది టేక్మాల్ దిక్కు ఊరు. తల్లీదండ్రీ లేరు. అమ్మమ్మ మెదక్‌ల నాలుగిండ్లల్ల బాసన్లు తోముకుంట ఆమెను సాదుతుండె. క్లాసుల నోరు తెరిచేది కాదు. ఆ రోజు నేను బోర్డు మీద 'ప్యూపిల్ - విద్యార్థి' అని రాసి వెనక్కి తిరిగేసరికి లేచి నిలబడి ఉంది.

"టీచర్, మా అమ్మమ్మ దవాఖాన చీటీల గూడ గిదే మాట ఉంది. అమ్మమ్మ కంట్ల విద్యార్థి ఉంటడా?"

క్లాసంత గొల్లుమన్నది. నేనూ నవ్విన. ఆ పిల్ల నవ్వలే. నోటుబుక్కుల నుంచి చీటీ తీసి నా దిక్కు చాపింది. నిజం చెప్తున్న, ఆ మాటకు ఇంకో అర్థం ఉన్నదని నాకప్పటికి తెల్వదు. పిల్లల ముంగట తెల్వదని ఒప్పుకునే ధైర్యం అంతకన్నా లేదు. చీటీ అందుకోలే.

"దవాఖానోళ్ళు తప్పు రాసిండ్రు. కూసో," అన్న.

కూసున్నది. చీటీని నాలుగు మడతలు పెట్టి, మడత మీద గోరుతోని రుద్దింది.

దసరా సెలవులైనంక ఆ పిల్ల బడికి రాలే. రిజిస్టర్ల పేరు కొట్టేసిన. కొన్ని నెలలకు కూరగాయల మార్కెట్ల కనబడ్డది. ముందు పిల్ల నడుస్తుంటే, ఆమె భుజం మీద చెయ్యేసి వెనక ముసలామె. "ఒక కన్ను ముందే లేకుండె. ఉన్నదీ పోయిందట పాపం," అన్నది టమాటాలు తూచే ఆమె. వాళ్ళు దాటిపోయేదాక నేను బండి వెనకాలనే నిలబడ్డ. ఇంటికి పోయి డిక్షనరీ తీసిన. విద్యార్థి అన్న అర్థం కింద, అదే పేజీల, ఇంకో అర్థం. కంటిపాప. మా అమ్మ నన్ను ముద్దు చేసినప్పుడల్లా అన్న మాట అది.

ఆ తర్వాత వాళ్ళిద్దరు నాకు అన్నిచోట్ల కనబడేది. రేషన్ లైన్ల, చర్చి గేటు కాడ, బస్సు కిటికీల నుంచి. దగ్గరకు పోయి చూస్తే సగం సార్లు వేరెవరో ఉండేది. అయినా కాళ్ళు ఆగిపోయేది.

పోయినేడు మా తమ్ముని బిడ్డ ఇటాలియన్ నేర్చుకునుడు మొదలువెట్టింది. ఆమె నర్సు. ఇటలీల కొలువు కోసం ఆ తిప్పలు. ఆదివారం ప్రార్థన అయినంక మా ఇంటికొచ్చి ఇంగ్లీషు మాటలు నాతోని చదివిపిచ్చుకుంట, పక్కన ఇటాలియన్ రాసుకునేది. ఒకరోజు ఫోన్ల చూసుకుంట అన్నది, "అత్తా, ప్యూపిల్‌కు వాళ్ళకు ఒక్క మాట లేదు. బడి పిల్లలకు అల్లియేవో అంటరు, అలున్నో అంటరు. చిన్న తరగతులైతే స్కొలారో. కంట్ల దానికి పుపిల్లా. రెండూ కలవయి."

ఫోన్ల ఇంకింత కిందికి చూసి మళ్ల అన్నది.

"పుపిల్లో అని ఇంకోటి గూడ ఉంది. అమ్మానాయినలు లేక వేరేటోళ్ళ పెంపకంల ఉన్న పిల్లలు. ఇంగ్లీషుల గూడ పాత అర్థం గదేనట."

అప్పుడు నాకు ఆ పిల్ల లేచి నిలబడ్డది కనబడ్డది. బడి పిల్ల, తల్లిదండ్రులు లేని పిల్ల, చేతిల కంటి చీటీ. చదువుతున్న పుస్తకం మూసేసిన. తమ్ముని బిడ్డ నా మొఖం చూసి, "ఏమైంది అత్తా?" అని అడిగింది. మొదటిసారి అంతా చెప్పిన. విని, "ఆ చీటీల ఏముండెనో నువ్వు సదవనే లేదు గదా," అన్నది. "ఆమె ఇప్పుడు యాడుంది?"

యాడుందో నాకు తెలుసు. నాలుగేండ్ల నుంచి బస్టాండు వెనక సందుల టైలరింగ్ షాపు నడుపుతున్నది. ఆ సందుల నుంచి పోవద్దనే నేను చుట్టు తిరిగి బడికి పోతున్న.

ఆ సోమవారం బ్లౌజు గుడ్డ ఒకటి పట్టుకొని పోయిన. చూడంగనే గుర్తువట్టింది. స్టూలు జరిపి, "రాండ్రి టీచర్, కూసోండ్రి," అన్నది. అమ్మమ్మ పోయి మూడేండ్లయిందట. కొలతలు తీసుకుంటుంటే, అద్దంల ఆమె మొఖం చూసుకుంట ఆ రోజు సంగతి ఎత్తిన. టేపు పట్టిన చేతులు ఆగినయి.

"జల్ది హైద్రాబాద్ తీస్కపోవాలె అని రాసిండ్రు టీచర్ దాంట్ల. డాక్టరు నోటితోని గూడ చెప్పిండు. అమ్మమ్మకు హైద్రాబాద్ అంటే భయం. నేను ఇంటికి పోయి, దవాఖానోళ్ళు తప్పు రాసిండ్రని మా టీచర్ అన్నది అని చెప్పిన. ఉట్టిగనే చెప్పిన. అమ్మమ్మ ఆ మాటనే వట్టుకున్నది. టీచరమ్మకంటె ఎక్కువ తెలుసా వాళ్ళకు, అన్నది. కండ్లు పోయినంక గూడ, చీటీ తప్పు గదా బిడ్డా, మళ్ల కనబడుతది, అనుకుంట కూసునేది."

ఆమెనే మళ్ల అన్నది, "నేను చెప్పకపోతే హైద్రాబాద్ పోయేదేమో టీచర్. గదే మనసుల తిరుగుతుంటది."

ఇన్నేండ్ల నుంచి నేనొక్కదాన్నే మోస్తున్న అనుకున్న. పదమూడేండ్ల పిల్ల నెత్తిన గూడ అదే బరువు పెట్టి ఇంటికి పంపిన్నని నాకు తోచనే లేదు.

"నువ్వు గాదు బిడ్డా. నేను. నాకు ఆ మాట తెల్వక, తెల్వదనలేక గట్ల అన్న," అన్న.

ఆమె టేపు మెడల వేసుకున్నది. మాఫ్ చేసిన అనలే, తిట్టలే. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి కొలతలు రాసుకొని, "గురువారం రాండ్రి," అన్నది.

గురువారాలు ఎన్నో పోయినయి, బ్లౌజు ఇంక తెచ్చుకోలే. నిన్న సందు మొగదాల దాక పోయిన. లోపట మిషన్ చప్పుడు వినబడుతున్నది. కొంచెం సేపు నిలబడి, వచ్చిన తొవ్వనే తిరిగొచ్చిన.