నా క్లాసులో ఫెయిలైనవాళ్లు లేరు

బ్రాంప్టన్‌లో మా ఇంటికి దగ్గరున్న లైబ్రరీలో ఆదివారం మధ్యాహ్నాలు నేనొక క్లాసు నడుపుతాను. కెనడా పౌరసత్వ పరీక్ష రాయబోయే తెలుగువాళ్ల కోసం. ఇరవై ప్రశ్నలు, పదిహేనుకు సరైన జవాబిస్తే పాస్. ప్రభుత్వం ఇచ్చే చిన్న పుస్తకం ఒకటుంది, ప్రశ్నలన్నీ అందులోంచే వస్తాయి. పేరుకు కెనడా పుస్తకమే కానీ ఏ పేజీ తిప్పినా బ్రిటన్ కనబడుతుంది. రాజు, రాజు తరఫున ఇక్కడ సంతకం పెట్టే గవర్నర్ జనరల్, లండన్ నమూనాలో రెండు సభలు, ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండు ప్రభువులు తమ రాజు మెడలు వంచి ముద్ర వేయించుకున్న మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం.

ఇక్కడికి రాకముందు విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లు లెక్చరర్‌గా చేశాను. ఇప్పుడు ఒక గిడ్డంగిలో, లారీలు ఎప్పుడు బయల్దేరాలో చూసే ఆఫీసులో పని. ఉద్యోగం మారింది కానీ పద్ధతి మారలేదు. ఆ పుస్తకాన్ని నాలుగు వందల బిట్లుగా కోసేశాను. దేశాధినేత ఎవరు? రాజు. ప్రభుత్వాధినేత ఎవరు? ప్రధాని. ఎందుకని ఎవరైనా అడిగితే, అది పరీక్షలో రాదని చెప్పేవాణ్ణి. ఎవరు పాసైనా, అప్పటిదాకా రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారో వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి: పదకొండుకు పదకొండు, పంతొమ్మిదికి పంతొమ్మిది, ఇరవై మూడుకు ఇరవై మూడు. కింద చప్పట్ల బొమ్మలు వరస కట్టేవి. అవి లెక్కపెట్టుకునేవాణ్ణని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె ఆ రోజుల్లోనే వచ్చింది. కరీంనగర్ వైపు మనిషి. యాభై మూడు దాటాయి. కూతురి దగ్గర ఉంటూ ఒక బేకరీలో ప్యాకింగ్ పని చేసేది. సాయంత్రం ఇంగ్లీషు క్లాసులకు రెండేళ్లు తిరిగి, దరఖాస్తుకు కావలసిన, క్లాసు పని చూసి ఇచ్చే సర్టిఫికెట్ తనే తెచ్చుకుంది. పుస్తకాన్ని వేలు పెట్టి నెమ్మదిగా చదివేది. నేను అక్కా అనేవాణ్ణి, నాకంటే ఆరేడేళ్లు పెద్దదైనా ఆమె నన్ను సార్ అనేది.

ఆమెకు బిట్లు నిలిచేవి కావు. ప్రశ్నలు పుట్టేవి. రాజు పేరు మీద పాలన సాగుతుంది, రాజు మాత్రం పాలించడు అని నేను చెప్పిన రోజు కాసేపు ఆలోచించి అడిగింది.

"మా ఊర్ల సర్పంచ్ ఒక ఆమె ఉండె సార్. కుర్చీ ఆమెది, నడిపేదంత ఆమె మొగడు. గట్లనా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ వాళ్లలా సరదాగా కాదు. "అక్కా, సర్పంచ్ మొగుణ్ణి ఎవరూ ఎన్నుకోలేదు. ఇక్కడ ప్రధానిని జనం ఎన్నుకున్న సభ నిలబెడుతుంది. అయినా ఇవన్నీ మనకెందుకు? బిట్టు రాసుకోండి" అన్నాను. ఆమె నా మాటలోని మొదటి సగాన్ని పుస్తకం అంచున తెలుగులో రాసుకుంది. ఇన్నేళ్లలో నా క్లాసులో నేను ఇచ్చిన ఒకే ఒక్క మంచి జవాబు అదేనేమో, అదీ విసుగుతో ఇచ్చాను.

నమూనా పరీక్షల్లో ఆమెకు పదకొండు వచ్చాయి, తర్వాత పన్నెండు, మళ్లీ పదకొండు. అప్పుడే ఆమెకు పరీక్ష రాయమని ఈమెయిల్ వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. దరఖాస్తు మీద సంతకం పెట్టేనాటికి యాభై అయిదు నిండినవాళ్లకు ఈ పరీక్ష లేదు. ఆమె కూతురింటికి వెళ్లి ఆ సంగతి చెప్పాను. ఇప్పుడున్న దరఖాస్తు విత్‌డ్రా చేసుకుని, ఏడాదిన్నర ఆగి మళ్లీ అప్లై చేస్తే పరీక్ష గొడవే ఉండదన్నాను. ఈ వయసులో అమ్మకు ఆ స్ట్రెస్ దేనికన్నాను. నా గొంతులో ఎంత దయ పలికిందో నాకిప్పటికీ గుర్తుంది. కూతురు ఊపిరి పీల్చుకుని నాకు థ్యాంక్స్ చెప్పింది. అక్క టీ కప్పు నా ముందు పెట్టి నిలబడే ఉంది.

"నేను ఫెయిలైతే మీకేమైతది సార్?"

"నాకేమవుతుందక్కా. మీ గురించే చెబుతున్నా."

అది అబద్ధం. ఇరవై మూడుకు ఇరవై మూడు పక్కన ఇరవై నాలుగుకు ఇరవై మూడు అని రాయవలసి వస్తుందన్నదే నా భయమంతా. విత్‌డ్రా ఉత్తరం అక్కడికక్కడే నా లాప్‌టాప్‌లో టైప్ చేశాను. ప్రింటు మీద ఆమె సంతకం పెట్టింది. ఆమె పూర్తి పేరు రాయడానికి పట్టినంతసేపు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఈ విద్య నాకు కొత్తది కాదు. కాలేజీలో రిజల్టు పడిపోకుండా చూసే బాధ్యత నాది. తప్పుతారనుకున్న పిల్లల పేర్లు డిసెంబరులోనే ఏరేవాణ్ణి. వాళ్ల తండ్రుల్ని పిలిపించి, ఈ ఏడు వద్దు, వేరే చోట ప్రైవేటుగా పరీక్ష కట్టించండి అని ఇదే గొంతుతో చెప్పేవాణ్ణి. ఆ తండ్రులు కూడా నాకు దణ్ణం పెట్టి వెళ్లేవాళ్లు. తర్వాత మా కాలేజీ హోర్డింగు మీద నూరు శాతం అని పడేది. ఆ పిల్లలు ఏమయ్యారో నేను ఎన్నడూ కనుక్కోలేదు.

పది నెలల తర్వాత ఒక ఉదయం నా కారు మంచులో మొండికేస్తే సిటీ బస్సెక్కాను. ఆమె వెనక సీట్లో ఉంది. ఒళ్లో ఆ పుస్తకమే, తడవకుండా బ్రెడ్డు కవరులో పెట్టుకుంది. పక్కన కూర్చుని, మీకు టెస్టు లేదు కదక్కా, ఇంకా చదువుతున్నారేం అన్నాను.

"టెస్టు లేకపోతే చదవొద్దా?" అంది. మాగ్నా కార్టా పేజీ తెరిచి చూపించింది. రాజు కూడా కాగితానికి కట్టుబడాలని వాళ్లకు అంత ముందే ఎలా తోచిందో తనకు అర్థం కాదంది, వాళ్ల తాత కాలంలో దొర నోటి మాటే చట్టమట. ఆ తర్వాత, కోపం ఏమీ లేకుండా, తన సంగతి చెప్పింది. పదో తరగతిలో బడివాళ్లు ఆమెను పబ్లిక్ పరీక్షకు కూర్చోనివ్వలేదు. లెక్కల్లో తప్పుతుంది, బడి పేరు పోతుంది అన్నారట. మరుసటేడు పెళ్లయింది.

"గప్పటిసంది ఒక్క పరీక్ష రాయలే సార్. ఇదన్న రాస్త అనుకున్న."

బస్సు మలుపు తిరిగింది. దిగవలసిన స్టాపు దాటిపోయినా నేను లేవలేదు. అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీ కోసం కాదక్కా, నా లెక్క చెడిపోతుందని ఆపాను. కాలేజీలోనూ అదే చేసేవాణ్ణి. తప్పు చేశాను.

ఆమె పుస్తకం మూసి కవరులో పెట్టుకుంది.

"ఎర్కనే సార్. మీరు టీ తాగకుంటనే పోయిన్రు, గప్పుడే ఎర్కైంది."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. దిగేముందు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "యాభై అయిదు నిండనీకి ఇంక ఎనిమిది నెలలుంది నాకు. ఇప్పుడు సంతకం పెడితే పరీక్ష ఉంటది కద?" అని అడిగింది. ఉంటుందన్నాను.

ఆ వారంలోనే కొత్త దరఖాస్తు పంపింది. కూతురు నా మీద మండిపడింది. అప్పుడు వద్దని మీరే చెప్పారు, ఇప్పుడు రాయమనీ మీరే చెప్తారా అంది. తిట్టినంతసేపూ విన్నాను. మళ్లీ పిలుపు రావడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదంతా అక్క ఆదివారాలు తప్పలేదు. నేను బిట్లు పక్కన పెట్టి పుస్తకాన్ని మొదటినుంచి చదివించడం మొదలుపెట్టాను. ఆమె అడిగిన వాటిలో సగానికి నాకు జవాబు తెలియదని అప్పుడు తెలిసింది. తెలియనివి ఇద్దరం లైబ్రరీ పుస్తకాల్లో వెతికేవాళ్లం. కొందరు, ఇది టైమ్ వేస్టని, రావడం మానేశారు.

మొన్న శనివారం కూతురింట్లో, గది తలుపు మూసుకుని, కంప్యూటర్ కెమెరా ముందు కూర్చుని ఆమె పరీక్ష రాసింది. నేను ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని ఉన్నాను.

"పద్నాలుగొచ్చినయ్ సార్."

పాసుకు ఒకటి తక్కువ. ఆమే అందుకుంది. "మీరు ఫికర్ వడకున్రి. మల్ల రాయనిస్తరు కద. ఎగువ సభల ఒకటి, ప్రావిన్సులల్ల రెండు తప్పువడ్డయ్. ఇంగో మూడు యాదికి లేవు." ఆ గొంతులో అలసట ఉంది, దిగులు మాత్రం లేదు. తాను రాసింది, తప్పింది. రెండూ ఆమెవే.

గ్రూపులో చెప్పమంటారా, పేరు పెట్టను అని అడిగాను. "పేరు గూడ పెట్టున్రి. దొంగతనం చేసిన్నా ఏంది?" అంది. పేరుతో సహా పెట్టాను: అక్కకు పద్నాలుగు వచ్చాయి, మళ్లీ రాస్తుంది. చప్పట్ల బొమ్మలు రాలేదు. ఒక గంట తర్వాత లారీ నడిపే ఒకాయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. రెండేళ్ల కిందట నమూనా పరీక్షలో పది వచ్చాక క్లాసు మానేసిన మనిషి. ఎందుకు రావడం లేదని నేను అప్పుడు అడగలేదు. నిజానికి ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు రావచ్చా సార్ అని అడిగాడు.

ఆదివారం వచ్చాడు. ఆమె తన పక్క కుర్చీ మీది సంచి తీసి ఆయనకు చోటిచ్చింది. తనకు పడిన ప్రశ్నలు గుర్తున్నంతవరకు అందరికీ చెప్పింది, తప్పు జవాబు ఏది పెట్టిందో కూడా. మొదటిసారి అందరూ నన్ను కాకుండా ఆమెను ప్రశ్నలు అడిగారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను.

రెండో పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఎన్ని వస్తాయో నాకు తెలియదు.