ఆగిపోయిన యాప్‌లో పచ్చ బటన్

ఈ పొద్దు పూజ ముగించి కొట్టంలోకి వెళితే మా ఎర్రావు మేత ముట్టలేదు, నెమరు వేయడం లేదు. ఫోనులో పాలకేంద్రం వాళ్ల యాప్ తెరిచి, 'డాక్టరును పిలవండి' అని ఉన్న పచ్చ బటన్ నొక్కాను. 'మీ పిలుపు అందింది' అని వచ్చింది. పొద్దున పది గంటలు దాటినా ఎవరూ రాలేదు. ఇంతలో ఒక మెసేజ్ వచ్చింది: 'ఈ యాప్ ఆగిపోయింది, ఈ లింకు నొక్కి కొత్తది వేసుకోండి.' ఇలాంటి లింకులు పంపేది దొంగలే అనుకుని దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న సోమల ఊళ్లోని పాలకేంద్రానికే నడిచి వెళ్లాను.

"ఆ మెసేజ్ మేము పంపిందేమ్మా. పాత యాప్ నెల కిందే ఆపేసినాము," అన్నాడు అక్కడి పశువుల డాక్టరు.

నేను మెల్లగానే అడిగాను. "దోవ మూసేస్తే ముళ్లకంప అడ్డం ఏస్తారు గదప్పా! మీరు బటన్‌ను పచ్చగానే పెట్టి, పిలుపు అందిందని అబద్ధం సెప్పి, ఇంగో దోవన రమ్మంటే ఏల నమ్మాల?"

ఆయన మందుల సంచి తీసుకుని మా ఇంటికి బండి తీశాడు.

దేవుడి దయ వల్ల మధ్యాహ్నానికి ఆవు నెమరు వేసింది. కొత్త యాప్ ఆయనే వేసిచ్చాడు. నేను మాత్రం ఆయన నంబరు అడిగి కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. మా వారు నాది వట్టి అనుమానం అంటున్నారు. మీరేమంటారు?